మొదటి అంగుళం

బియ్యం కొలిచే సోల పక్కన గిద్ద ఎంతుంటుందో, తోటిపిల్లల పక్కన ఆ పిల్ల అంతే ఉండేది. అందుకని నానమ్మ ‘గిద్ద’ అని పేరు పెట్టింది. ముద్దుకే పెట్టింది లెండి. పెట్టిన నోటితోనే ఆ గిద్ద కాస్తా సోల కావాలని మొక్కని దేవుడు లేడు, తాగించని కషాయం లేదు. ప్రతి పుట్టినరోజుకీ మనవరాల్ని వంటింటి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, నెత్తిన అట్ట పెట్టి, పెన్సిల్‌తో గీత గీసేది. కొన్నేళ్ళు గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆ తర్వాత ఎక్కడం మానేసి ఒకేచోట పడసాగాయి. గిద్ద పెద్దదయ్యేసరికి అక్కడ గీతలంటూ ఏం మిగల్లేదు, బొటనవేలంత నల్లటి మరక ఉండేది.

ఇప్పుడు ఆ మరకా లేదు. పోయినేడు ఇంటి ఓనరు తలుపులన్నిటికీ ఆకుపచ్చ రంగు వేయించాడు. “నా మనవరాలి పుట్టినరోజులన్నీ మింగేశాడు, వాడి కడుపు కాల!” అని నానమ్మ ఇల్లు పీకి పందిరి వేసింది. ఆ మరక సంగతి ఎందుకు చెప్తున్నానంటే, అది ఉండి ఉంటే ఈ గోలంతా లేదు.

గిద్ద వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. అమ్మ దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని మీద బట్టల గుట్ట, అమ్మ మెడలో పసుపురంగు టేపు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు టేపులోకి తొంగిచూసి, “అయ్యో, నడుము ఇంత వచ్చిందేంటి!” అని గుండెలు బాదుకుంటే, అమ్మ నవ్వి “నా టేపు మాట వినకండి, నా మాట వినండి” అనేది. బేరం పోకుండా అమ్మ చెప్పే తీపిమాట అనుకునేది గిద్ద. చిన్నప్పట్నుంచీ వింటున్న మాట కాబట్టి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

గిద్ద చేతికి రాకెట్ వచ్చింది కూడా అమ్మ సూది వల్లే. వాళ్ళ వీధి చివర ఇండోర్ స్టేడియం ఉంది. అక్కడ బ్యాడ్మింటన్ నెట్ పైన ఉండే తెల్లపట్టీ చిరిగిపోతే కుట్టడానికి అమ్మని పిలిచారు. దారపు ఉండలు పట్టుకుని గిద్ద వెంట వెళ్ళింది. పక్క కోర్టు నుంచి ఎవరో కొట్టిన షటిల్ నెత్తిమీదికి వస్తే, కింద పడున్న రాకెట్ తీసి ఒక్కటిచ్చింది. అది పోయి అవతలి మూల గీత మీద పడింది. అక్కడి కోచ్ గుండు గోక్కుంటూ వచ్చి, “ఏదీ, మళ్ళీ కొట్టు” అన్నాడు. మళ్ళీ అక్కడే పడింది. “పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్లేదమ్మా. రేపట్నుంచి పంపించు” అన్నాడు అమ్మతో.

నెట్ ఎత్తు ఎవరికోసమూ తగ్గించరు. కోర్టూ అంతే, ఎవరికైనా అదే కోర్టు. ఎదుటివాళ్ళు చేసేది ఒకటే పని, షటిల్‌ని గిద్ద తలమీదుగా ఎత్తి వెనకమూలకి వేసెయ్యడం. అక్కడికి చెయ్యి అందక, ఎగిరి ఎగిరి, చతికిలబడి, ఏడుపు మొహంతో ఇంటికొచ్చేది. కోచ్ ఒకటే చెప్పాడు: “ఎగరకే పిచ్చిదానా! ఎగిరే పందెంలో పొడుగువాళ్ళు నీకు మిగలనిస్తారా? వాళ్ళ భుజం చూడు. షటిల్ లేవకముందే నువ్వు వెనకుండాలి.” ఆ వెనక్కి పరిగెత్తడం నేర్చుకోవడానికి గిద్దకి ఏళ్ళు పట్టింది. చిన్న చిన్న అంగలు, టకటకా టకటకా. గ్యాలరీలో కూర్చున్న ఆకతాయిలు “కోడిపిల్ల, కోడిపిల్ల” అనేవాళ్ళు. ఆ కోడిపిల్ల వాళ్ళందర్నీ వరసపెట్టి ఓడించాక నోళ్ళు మూసుకున్నారు.

పద్ధెనిమిదో ఏట కోచ్ ఆమెని మొదటిసారి పారా పోటీలకి, అంటే దివ్యాంగుల కోసం పెట్టే పోటీలకి, తీసుకెళ్ళాడు. హాల్లోకి అడుగుపెట్టగానే తనంతే ఉన్న ఆడపిల్ల ఒకతి ఎదురొచ్చి, “నీళ్ళ కుళాయి ఎక్కడుందో తెలుసా?” అని అడిగింది. గిద్ద కుళాయి సంగతే మర్చిపోయింది. పుట్టి బుద్ధెరిగాక, మెడ ఎత్తకుండా ఒక మనిషి కళ్ళలోకి చూడటం అదే మొదలు. ఆ పూట ఎంతమందితో మాట్లాడిందో, అయినా సాయంత్రానికి మెడనొప్పి లేదు. ఇంటికి ఫోన్ చేసి, “అమ్మా, ఇక్కడ నేను మామూలు మనిషినే” అని వెక్కివెక్కి ఏడ్చింది. బాధతో కాదు, సంతోషంతో.

అయితే ఆ పోటీల్లో పొట్టివాళ్ళ విభాగంలోకి రావాలంటే ఎత్తు కొలుస్తారు. ఒక హద్దుంటుంది, దానికి కిందే ఉండాలి. గిద్దని కొలిస్తే హద్దుకి అరంగుళం కింద ఉంది. “ఇంకా చిన్న వయసు. ప్రపంచ పోటీలకి వచ్చినప్పుడు మళ్ళీ కొలుస్తాం, అప్పుడు ఖాయం చేస్తాం” అన్నారు. సరే అంది. కొన్నేళ్ళు ఆడింది, గెలిచింది, ఓడింది, మడమ బెణికింది, మళ్ళీ ఆడింది. చివరికి ప్రపంచ పోటీల జట్టులో పేరు వచ్చింది. నాన్న ఆ రోజు బస్సులో ఎక్కిన వాళ్ళందరికీ చెప్పాడట. రెండు స్టాపుల్లో బస్సు ఆపడం కూడా మర్చిపోయాడట.

ఆ సంతోషంలో ఉండగానే ఫిజియో ఒక మాట అంది. ఏడాదిగా గిద్ద నడుంనొప్పికి ఆవిడ దగ్గర వ్యాయామం చేస్తోంది. ఆ రోజు వీపు మీద చరిచి, “నీ నడుము వంపు ఎంత సర్దుకుందో చూడు! పొడుగు కూడా అయ్యావు పో” అంది సరదాకి.

గిద్దకి వెంటనే ఆ హద్దు గుర్తొచ్చింది.

ఒక్క అరంగుళం. అరంగుళం పెరిగిందంటే పొట్టివాళ్ళలోంచి బయటికి. పొడుగువాళ్ళేమో రానిస్తారా? వాళ్ళ మోచేతి దాకా కూడా లేదు తను. వేరే విభాగం లేదు, వేరే ఆట రాదు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోతుంది.

రెండ్రోజులు దిగమింగుకుని మూడోరోజు నాన్నకి చెప్పింది. “ఓస్, దానికేముంది, కొలిస్తే పోయె” అన్నాడాయన. అమ్మ స్కూలు యూనిఫాంలు ఇచ్చి రావడానికి బయటికెళ్ళింది. మిషను మీద టేపుంది. నాన్న గిద్దని ఆకుపచ్చ ద్వారబంధానికి ఆనించి నిలబెట్టాడు. టేపు కొస మడమకి నొక్కిపెట్టి, పైకి లాగి, నెత్తిన అట్ట పెట్టి చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“ఎంత నాన్నా?”

గిద్దే టేపు లాక్కుని, ఆయన గోరు పెట్టిన చోటు చూసింది. పోయినసారి కన్నా అంగుళం ఎక్కువ. హద్దు దాటి అరంగుళం పైన.

అప్పుడే నానమ్మ వచ్చింది. టేపు చూసింది, అట్ట చూసింది, కొడుకు మొహం చూసింది. “పెరిగిందా?” అంటూ రెండు చేతులూ జోడించి ఎగిరి గంతేసినంత పని చేసింది. “ఎన్ని మొక్కులు మొక్కానురా! పెరిగిందీ...” అని సగంలో ఆగిపోయింది. విషయం బుర్రకెక్కింది. నెమ్మదిగా పీట మీద కూలబడి, “ఇన్నేళ్ళూ చెవిటి మాలోకంలా కూర్చుని, ఇప్పుడా ఆ దేవుడు వినేది! నా నోట్లో మన్నుపడ!” అని లబోదిబోమంది.

“ఈ సంగతి మీ అమ్మకి తెలియడానికి వీల్లేదు” అన్నాడు నాన్న. “దాని బీపీకి ఈ మాట చెబితే ఇంకేమైనా ఉందా?” నానమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, అయినా ఈసారి ఒట్టు వేసింది. ముగ్గురూ కలిసి ఆ ఇంట్లో అసలు అడగాల్సిన ఒక్క మనిషికే చెప్పకూడదని తీర్మానం చేసుకున్నారు. తెలివంటే వీళ్ళదే!

ఆ తర్వాత ఇంట్లో జరిగిన తమాషాలు ఇన్నీ అన్నీ కావు. మనిషి పొద్దున లేచినప్పుడు పొడుగ్గానూ, సాయంత్రానికి కాస్త పొట్టిగానూ ఉంటాడని డిపోలో తోటి డ్రైవరెవరో నాన్నకి చెప్పాడు. బరువు మోస్తే ఇంకాస్త తగ్గుతాడని నాన్నే సొంతంగా కనిపెట్టాడు. దాంతో గిద్ద నెత్తిన బియ్యం సంచి పెట్టి మేడ మీద తిప్పడం మొదలెట్టాడు. అమ్మ చూసి “ఏంటిది?” అంటే, “మెడ ఎక్సర్‌సైజు” అన్నాడు. “మెడ విరిగే ఎక్సర్‌సైజులా ఉంది” అంది అమ్మ, దారం పళ్ళతో తెంపుతూ. నానమ్మేమో ఒక్కొక్క దేవుడి పేరూ గుర్తు చేసుకుని, ఎప్పుడో మొక్కిన మొక్కులన్నీ వెనక్కి తీసుకునే పనిలో పడింది.

గిద్ద నవ్వలేకపోయింది. ప్రాక్టీసులో భుజం చూడటం మర్చిపోయి, వెనకమూల షాట్లన్నీ వదిలేసింది. కోచ్ తిట్టాడు. ఏం తిట్టినా ఆమె చెవికెక్కలేదు. ఏ హాల్లో తను మామూలు మనిషో, ఆ హాలు తలుపు తన మొహం మీద మూసుకోబోతోందన్న భయమే ఆమెకి అన్నం సయించనివ్వలేదు.

పోటీల ఊరికి నాన్న సెలవు పెట్టుకుని తోడొచ్చాడు. కొలతల గది ముందు పొడుగాటి వరండా, గోడవారగా బెంచీలు. వాటి మీద కూర్చున్న వాళ్ళందరి కాళ్ళూ గాల్లో ఊగుతున్నాయి. గిద్ద పక్కన ఒక సీనియర్ అక్క కూర్చుంది, పదేళ్ళుగా ఆడుతున్న మనిషి. గిద్ద మాటిమాటికీ తలుపు వైపు చూడటం గమనించి, చెవి దగ్గరికి వంగింది.

“హద్దు దగ్గర ఉన్నావా?”

గిద్ద తలూపింది.

“దానికింత భయం ఎందుకే? లోపలికెళ్ళాక ఊపిరంతా వదిలెయ్. మోకాళ్ళు ఒక్క పిసరు సడలించు. ప్యాంటు వదులుగా ఉంటే ఎవరికీ కనపడదు. చాలామంది చేసే పనే.”

మంచిమనసుతోనే చెప్పింది. గిద్ద తన ప్యాంటు వైపు చూసుకుంది. అమ్మ కుట్టింది. కాలికి అతికినట్టుంది, ఎక్కడా ఇంత ముడత లేదు. అయినా పిసరు వంగితే తెలుస్తుందా ఏమిటి? బెంచీ దిగి, గోడకి ఆనుకుని, ఒకసారి మోకాళ్ళు సడలించి చూసింది. వచ్చేసింది. ఇంత సులువా అనుకుంది. పేరు పిలిచారు.

గదిలో ఇద్దరు డాక్టర్లు. ఒకావిడ, ఒకాయన. గోడకి నిలువుగా కొలబద్ద, దాని మీద పైకీ కిందికీ జారే చెక్కపలక. “చెప్పులు తీసి, జడ విప్పేసి, మడమలు గోడకి ఆనించి నిలబడమ్మా” అంది డాక్టరమ్మ.

గిద్ద నిలబడింది. చెక్కపలక జారుతున్న చప్పుడు వింటూ మోకాళ్ళు సడలించబోయింది. ఎందుకో బడిలో తీసే గ్రూప్ ఫొటో గుర్తొచ్చింది. ప్రతి ఏడూ ముందువరసలో నిలబడి, ఫొటో తీసేవాడు ఒకటి రెండు అనగానే మునివేళ్ళ మీద లేచేది. “వేళ్ళు దించు పాపా, ఊగుతున్నావ్” అని అందరి ముందూ అనేవాడు వాడు. అందరూ నవ్వేవాళ్ళు. చిన్నప్పుడంతా లేని ఎత్తు ఉందని చూపించడానికి చచ్చింది. ఇప్పుడు ఉన్న ఎత్తు లేదని చూపించడానికి చావాలా? ఛీ, ఎన్నాళ్ళీ బతుకు! ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఎవరి మీదో ఆమెకే తెలీదు, మొత్తంగా మండిపోయింది.

ఊపిరి నిండా పీల్చుకుంది. మోకాళ్ళు బిగించి, మడమలు నొక్కి, మెడ నిలబెట్టి, ఎంతుందో అంతా నిలబడింది. పోతే పోనీ. చెక్కపలక వచ్చి నెత్తికి తగిలింది.

డాక్టరమ్మ అంకె చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు. ఆయన వచ్చి మళ్ళీ కొలిచి అదే అంకె చెప్పాడు. సెంటీమీటర్లు. గిద్ద భయమంతా అంగుళాల్లో ఉంది, సెంటీమీటర్లు ఆమె బుర్రకెక్కలేదు. చేతుల పొడుగు కొలిచారు. మోచేతులు వంచి చూశారు. అన్నీ అయ్యాక ఉండబట్టలేక అడిగింది.

“లోపలా, బయటా?”

“ఏంటమ్మా?”

“హద్దుకి లోపలున్నానా, బయటున్నానా?”

“లోపలే. పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు” అంది డాక్టరమ్మ.

“ఇంకోసారి చూడండి” అంది గిద్ద. నోరు జారి వచ్చేసింది.

డాక్టరు పకపకా నవ్వాడు. “ఎక్కువొచ్చిన వాళ్ళు ఇంకోసారి చూడమంటారు. సరిపోయినా చూడమన్నదానివి నువ్వొక్కదానివే.”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, గిద్ద కళ్ళకి ఎదురుగా కళ్ళు వచ్చేలా కూర్చుంది. “నీ ఎముకలు పెరగడం ఎప్పుడో ఆగిపోయిందమ్మా. ఇదే ఖాయం చేసేస్తున్నాం. ఇంక నిన్ను కొలవం.”

“ఈ ఏడాదా?”

“ఇంకెప్పుడూ.”

గిద్ద అక్కడే, జడ విప్పిన జుట్టుతో, చెప్పుల్లేని కాళ్ళతో భోరుమంది. వారాల తరబడి గుండె మీద కూర్చున్న బండరాయి దిగిపోయింది. ఊపిరి ఇంత తేలిగ్గా ఆడుతుందని మర్చిపోయింది కూడా.

బయట నాన్న ఆమె ఆట బూట్లు కడుపుకి హత్తుకుని నిలబడున్నాడు. కూతురి కళ్ళనీళ్ళు చూడగానే ఆయన మొహం పాలిపోయింది. “పోనీలే తల్లీ. ఆట పోతే ఏం, నువ్వున్నావ్ కదా. ఇంటికెళ్ళిపోదాం పద” అని తనే ఏడవడం మొదలెట్టాడు.

“లోపలే నాన్నా! లోపలే ఉన్నా!”

నాన్న వరండాలోనే నేలమీద చతికిలబడ్డాడు. “అమ్మయ్య!” అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు.

ఇంటికి ఫోన్ చేశారు. ఇంక దాచేదేముంది, నాన్న మొత్తం కక్కేశాడు. ఫిజియో మాట, ద్వారబంధం, అంగుళం, బియ్యం సంచి. అవతల అమ్మ అంతా విని, “ఏ టేపుతో కొలిచారు?” అంది.

“మిషను మీది. నీ పసుపు టేపు.”

అమ్మ నవ్వడం మొదలెట్టింది. ఆగదే! “ఓరి మీ తెలివి తెల్లారినట్టే ఉంది! దానికి మొదటి అంగుళం ఎక్కడుంది? ఎప్పుడో ఇస్త్రీ పెట్టె కింద పడి కాలిపోతే, ఆ ముక్క కత్తిరించి పారేసి, కొస ఊడకుండా కుట్టేశాను. ఒకటి దగ్గర మొదలవుతుంది అది. ఎంతొచ్చినా నేను ఒకటి తీసేసుకుంటా. నా టేపు మాట వినకండి, నా మాట వినండి అని రోజూ అరుస్తూనే ఉన్నాను కదా!”

నాన్న నెత్తి కొట్టుకున్నాడు. వెనకనుంచి నానమ్మ గొంతు, “టేపూ లేదు గీపూ లేదు! నేను మొక్కులు వెనక్కి తీసుకోబట్టి!” అంటోంది.

నవ్వు ఆగాక అమ్మకి కోపం వచ్చింది. “ఇన్ని రోజులు పిల్ల తిండి మానేస్తే ఆట టెన్షనని ఊరుకున్నాను. నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయేది? ఏమే, నీ ప్యాంట్లు కుట్టేదెవరు? నువ్వు దారప్పోగంత పెరిగినా నాకు తెలియదా?”

“తప్పయిపోయిందమ్మా” అంది గిద్ద. ఆ మాట అంటుంటే కూడా నవ్వొస్తోంది.

ఆ మధ్యాహ్నం మొదటి మ్యాచ్. అవతలి అమ్మాయి అందరూ చేసే పనే చేసింది, తలమీదుగా వెనకమూలకి ఎత్తింది. అప్పటికే గిద్ద అక్కడుంది. టకటకా టకటకా. సీనియర్ అక్క గ్యాలరీలోంచి ఈల వేసింది. గిద్ద ఆ మ్యాచ్ గెలిచింది, ఇంకో రెండు గెలిచింది, సెమీస్‌లో ఓడింది. కంచు పతకం వచ్చింది. ఓడినప్పుడు బాధపడింది కానీ భయపడలేదు. ఈ ఏడు పోతే వచ్చే ఏడు ఆడుతుంది. తలుపు తెరిచే ఉంటుంది.

ఇంటికొచ్చాక పతకం నానమ్మ మెడలో వేస్తే, ఆవిడ దాంతోనే నిద్రపోయింది. జట్టు వాళ్ళు కోటొకటి ఇచ్చారు. మామూలు సైజుది, గిద్దకి మోకాళ్ళ దాకా వస్తోంది, చేతులు వేళ్ళాడుతున్నాయి. అమ్మ దాన్ని మిషను పక్కన బల్లమీద పరిచి, కుట్లు విప్పి, కత్తెర తీసుకుంది.

గిద్ద అలవాటుగా బల్ల ముందుకొచ్చి, చేతులు రెండూ చాపి నిలబడింది. బడిలో కొలిచారు, చుట్టాలు చూపుల్తో కొలిచారు, డాక్టర్లు కొలిచారు, నానమ్మ ఏటేటా కొలిచింది. అమ్మ ఎప్పుడు కొలిచిందా అని గుర్తు చేసుకోబోయింది. ఎంత వెతికినా ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

మిషను మీదున్న పసుపు టేపు తీసి అమ్మకి అందించింది.

“నీకెందుకే టేపు?” అంది అమ్మ. దాన్ని పక్కకి తోసేసి, ఒకసారి గిద్ద మొహంలోకి చూసి, కోటు చేతిని కరకరా కత్తిరించేసింది. “వెలుగుకి అడ్డం నిలబడకుండా వెళ్ళి అన్నం తిను. నువ్వు తినొచ్చేసరికి అయిపోతుంది.”